భూతాపం: ప్రకృతి చేసినదా, మనిషి చేసినదా?

చాంద్రమానాన్ని అనుసరించి వచ్చే రంజాన్ మాసం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ, ఋతువులన్నింటినీ చుట్టి, సుమారు 32 సంవత్సరాలకు మళ్ళీ తొలి స్థానానికి చేరుకుంటుంది. 1986లో రంజాన్ మే రెండవ వారంలో ప్రారంభమయినది. 2018లో తిరిగి మే మధ్యలో ప్రారంభమయినది. ఈ రెండు వేసవులలోను రోజా పాటించిన పెద్దలు మన ఇండ్లలో ఎందరో ఉన్నారు. ఇఫ్తార్ వేళ దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చున్నప్పుడు వారిలో ఒకరు "మా రోజులలో మే నెల ఇంతగా మండేది కాదు" అనడం, మరొకరు "వయసు పైబడినకొద్దీ ఎండ ఎక్కువగానే తోస్తుంది" అని బదులు పలకడం మనం విన్నదే.

ఈ ఇద్దరిలో ఎవరి మాట సత్యం? జ్ఞాపకశక్తి ఒక్కటే దీనికి తీర్పు చెప్పలేదు. నిన్నటి చలి కంటె నేటి చలి ఎక్కువనిపించడం, గతించిన రోజులన్నీ చల్లగా గడిచినట్లు తోచడం మానవ స్వభావం. కావున ఈ విషయాన్ని రెండు ప్రశ్నలుగా విభజించి, కొలతల సాయంతో పరిశీలించవలసి ఉన్నది. మొదటిది: భూమి నిజంగా వేడెక్కుతున్నదా? రెండవది: వేడెక్కుతున్నచో అది ప్రకృతి లీలయా, మనిషి చేతయా? ఈ రెండవ ప్రశ్న కేవలం పండితుల వాదవిషయం కాదు. అది ప్రకృతి పని అయితే మనకు మిగిలినది సహించడమే. మన పని అయితే, చేసిన చేతులే దానిని ఆపగలవన్న ఆశ కూడ ఉన్నది.

ఒక్క వరద సాక్ష్యం కాదు

1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి హైదరాబాదు నగరాన్ని ముంచెత్తినది. వేలాది ప్రజలు ప్రాణాలు కోల్పోయారు. రుబాయీలకు పేరుగన్న ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కుమార్తెను ఆ వరదలోనే పోగొట్టుకున్నారు. ఆ విషాదం పిమ్మటనే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల ననుసరించి ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు నిర్మితమైనవి. 2020 అక్టోబరులో నగరంలోని అనేక ప్రాంతాలు మరల నీట మునిగినవి.

2020 నాటి వరదను చూపి "ఇదే భూతాపానికి రుజువు" అనేవారికి 1908 నాటి వరద ఒక హెచ్చరిక. నగర వీధులలో మోటారు వాహనం ఒక వింతగా ఉన్న ఆ రోజులలో కూడ అంతటి ఉత్పాతం సంభవించినది. అట్లే, ఒక ఏడాది జనవరిలో గట్టి చలి పెట్టినంత మాత్రాన భూమి చల్లబడుతున్నదని వాదించడమూ తగదు. ఈ రోజు ఎండయా, వానయా అనేది వాతావరణం. ఒక ప్రాంతంలో దీర్ఘకాలంగా సగటున ఉండే స్థితి శీతోష్ణస్థితి. దానిని నిర్ణయించడానికి శాస్త్రజ్ఞులు సాధారణంగా ముప్పది సంవత్సరాల సగటును తీసుకుంటారు. ఒక విద్యార్థి ప్రజ్ఞను ఒక్క పరీక్ష మార్కులతో కాక, పలు సంవత్సరాల ఫలితాలతో అంచనా కట్టడం వంటిదే ఇది.

ఆ సగటు ఏమి చెబుతున్నది? 1850–1900 మధ్యకాలంతో పోల్చినప్పుడు 2011–2020 దశాబ్దిలో భూగోళపు సగటు ఉష్ణోగ్రత సుమారు 1.1 డిగ్రీల సెల్సియస్ అధికంగా ఉన్నది. 2024వ సంవత్సరంలో ఆ వృద్ధి ఒకటిన్నర డిగ్రీలను దాటినది. మన దేశంలో 1901–2018 మధ్య పెరుగుదల సుమారు 0.7 డిగ్రీలని భారత ప్రభుత్వ భూవిజ్ఞాన శాస్త్రాల మంత్రిత్వ శాఖ 2020లో ప్రకటించిన నివేదిక తెలిపినది.

ఇక్కడ ఒక ఆక్షేపణ సహజంగానే ఉదయిస్తుంది. ఒకనాడు ఊరి వెలుపల ఉన్న ఉష్ణమాపక కేంద్రాలు నేడు కాంక్రీటు మేడల నడుమ చిక్కుకొన్నవి గదా, పెరిగినది నగరపు వేడియే గాని భూమి వేడి కాదేమో? ఈ సందేహం అర్థం లేనిది కాదు. హైదరాబాదు, విజయవాడ వంటి నగరాల వేడిలో కొంత భాగం సిమెంటు, తారు, చెట్ల నరికివేతల వల్ల కలిగినదే. ఇటువంటి సందేహాలతోనే అమెరికా భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ముల్లర్ ఒక బృందాన్ని కూర్చి, ఉష్ణోగ్రతల లెక్కలన్నిటిని మొదటినుండి తిరిగి పరిశీలించారు. నగరాల ప్రభావాన్ని వేరుచేసి చూసినప్పటికీ పెరుగుదల నిజమేనని తేలగా, తన పూర్వాభిప్రాయం మారినదని 2012లో బహిరంగంగా ఒప్పుకున్నారు. ఆయన బృందం ఒప్పుకోక తప్పని సాక్షి మరొకటి ఉన్నది, అది సముద్రం. భూమిపై పోగైన అదనపు వేడిలో నూటికి తొంబది వంతులకు పైగా సముద్రాలే ఇముడ్చుకొన్నవి. నడిసముద్రంలో నగరాలు లేవు. వేడికి నీరు వ్యాకోచించుట వలనను, మంచు కరుగుట వలనను 1901–2018 మధ్య సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్ల మేర పెరిగినది.

కావున మొదటి ప్రశ్నకు సమాధానం స్పష్టం: భూమి వేడెక్కుతున్నది.

భూమి కప్పుకొన్న దుప్పటి

రెండవ ప్రశ్నకు రావలెనంటే ముందు ఒక పాత పాఠాన్ని స్మరించుకోవాలి. సూర్యకాంతి భూమిని వేడిచేయగా, భూమి ఆ వేడిని కంటికి కనబడని పరారుణ కిరణాల రూపంలో తిరిగి ఆకాశానికి పంపుతుంది. గాలిలోని నత్రజని, ప్రాణవాయువు ఆ కిరణాలను దాదాపు అడ్డగించవు. నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు మున్నగునవి మాత్రం వాటిని పట్టి, కొంత వేడిని తిరిగి నేలకు మళ్ళిస్తవి. చలి రాత్రి మనం కప్పుకొనే దుప్పటి తాను వేడిని పుట్టించదు; మన ఒంటి వేడిని పోనీయక ఆపుతుంది. ఈ వాయువులు చేసే పనియు ఇంచుమించు అటువంటిదే. ఈ దుప్పటి లేకున్నచో భూమి సగటు ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 18 డిగ్రీలుండేది. జీవకోటి మనుగడ దుస్సాధ్యమయ్యేది. కావున ఈ వాయువులు స్వతహాగా శత్రువులు కావు. దుప్పటి మందం పెరగడమే సమస్య.

ఇది ఇటీవలి రాజకీయాలలో పుట్టిన సిద్ధాంతమని కొందరు భావిస్తారు. అది పొరపాటు. భూమి వేడిని గాలి నిలిపి ఉంచుతున్నదని 1820 ప్రాంతంలోనే ఫ్రెంచి గణితవేత్త ఫోరియర్ ఊహించారు. అమెరికా మహిళ యూనిస్ ఫుట్ 1856లో గాజు గొట్టాలలో వివిధ వాయువులను నింపి ఎండలో ఉంచి, బొగ్గుపులుసు వాయువు ఉన్న గొట్టం ఎక్కువగా వేడెక్కుతున్నదని చూపారు. 1859లో జాన్ టిండాల్ ఆయా వాయువులు వేడి కిరణాలను ఎంతగా గ్రహిస్తున్నవో కొలిచారు. 1896లో స్వీడన్ దేశస్థుడు స్వాంటె అర్హీనియస్, ఈ వాయువు రెట్టింపైతే భూమి ఉష్ణోగ్రత ఎంత పెరుగునో చేతితోనే లెక్కకట్టారు. అప్పటికి మూసీ వరద ఇంకా రాలేదు.

గాలిలో ఈ వాయువు పది వేల పాళ్ళలో నాలుగు పాళ్ళు మాత్రమే గదా, ఇంత స్వల్పమైనది అంత పని చేయగలదా అని అడగవచ్చును. కడివెడు పాలను పెరుగుగా మార్చడానికి చెంచాడు తోడు చాలునని మన ఇంటి ఆడపడుచులందరికీ తెలుసు. ముఖ్యమైనది పరిమాణం కాదు, గుణం. నూటికి తొంబదితొమ్మిది పాళ్ళున్న వాయువులు వేడిని వదలివేస్తుండగా, పట్టి ఉంచే పని ఈ కొద్దిపాటి వాయువులదే.

ఈ వాయువు ఎక్కడిది?

1958లో అమెరికా శాస్త్రజ్ఞుడు చార్లెస్ కీలింగ్ హవాయి దీవిలోని మౌనా లోవా పర్వతంపై గాలిలోని బొగ్గుపులుసు వాయువును నిత్యం కొలవనారంభించారు. ఆనాడది పది లక్షల పాళ్ళలో సుమారు 315 పాళ్ళు. 2024లో 420 పాళ్ళను దాటి ఉన్నది. అంటార్కిటికా మంచులో బుడగలుగా చిక్కుకొన్న ప్రాచీన వాయువును పరీక్షింపగా, గడచిన ఎనిమిది లక్షల సంవత్సరాలలో, యంత్రయుగానికి ముందు, అది 300 పాళ్ళకు మించలేదని తేలినది. యంత్రయుగారంభంలో అది 280 పాళ్ళు. అనగా ఆనాటితో పోల్చితే నేడు ఒకటిన్నర రెట్లు.

పెరిగినది సరే. కాని అది అగ్నిపర్వతాల నుండి గాని, సముద్రాల నుండి గాని వచ్చి ఉండరాదా? దొంగను పట్టడానికి వేలిముద్రలను వెదకినట్లు శాస్త్రజ్ఞులు కర్బన పరమాణువులను పరీక్షించారు. కర్బనంలో బరువు తేడాగల మూడు రకాలు ఉన్నవి. వాటిలో కర్బనం-14 అనునది కాలక్రమాన నశించే స్వభావం కలది. సుమారు 5,730 సంవత్సరాలకు సగమైపోతుంది. సజీవమైన చెట్టులో అది ఉంటుంది. మన గోదావరి లోయలోని సింగరేణి బొగ్గును తీసుకోండి. కోట్లాది సంవత్సరాల క్రితం నేలలో పూడిపోయిన అడవులే ఆ బొగ్గు. అందులోని కర్బనం-14 ఎన్నడో అంతరించినది. బొగ్గు, చమురు మండించినప్పుడు వెలువడే వాయువులో అది ఉండదు. కావున గాలిలో చేరుతున్నది ప్రాచీన ఇంధనాల పొగయే అయితే, గాలిలో కర్బనం-14 పాలు పలచబడవలెను. చెట్ల కాండంలోని వలయాలను పరీక్షించి, సరిగా అట్లే జరుగుతున్నదని 1955లో హాన్స్ స్యూస్ నిరూపించారు.

రెండవ ముద్ర కర్బనం-13. మొక్కలు తేలికైన కర్బనం-12ను ఎక్కువగా స్వీకరిస్తవి గనుక మొక్కల నుండి ఏర్పడిన బొగ్గులో కర్బనం-13 తక్కువ. గాలిలో దాని పాలు కూడ తగ్గుతున్నది. అగ్నిపర్వతాల వాయువు వలన ఇట్లు జరగదు. పైగా అగ్నిపర్వతాలు ఏటా వదలే వాయువు మనుష్యులు వదలేదానిలో నూటికి ఒక వంతు కూడ లేదు. మూడవ ముద్ర ప్రాణవాయువు. ఏది మండినా ప్రాణవాయువు ఖర్చు కాక తప్పదు. చార్లెస్ కీలింగ్ కుమారుడు రాల్ఫ్ కీలింగ్ అతి సూక్ష్మమైన పరికరాలతో కొలిచి, గాలిలో ప్రాణవాయువు స్వల్పంగా తగ్గుతున్నదని చూపారు. మన శ్వాసకు భయం లేనంత స్వల్పమైన తగ్గుదలే అది. కాని సాక్ష్యంగా అది బలమైనది. ఇక సముద్రాల మాట. అవి ఈ వాయువును వదలడం లేదు, పీల్చుకొంటున్నవి. అందువల్ల వాటి నీటిలో ఆమ్లగుణం పెరుగుతున్నది.

చివరగా, సామాన్యమైన జమాఖర్చు చాలును. ప్రపంచం నేడు బొగ్గు, చమురు, సహజవాయువులను మండించి ఏటా సుమారు 3,700 కోట్ల టన్నుల బొగ్గుపులుసు వాయువును వదలుతున్నది. అందులో ఇంచుమించు సగమే గాలిలో నిలుస్తున్నది. మిగిలినది సముద్రాలు, అడవులు స్వీకరిస్తున్నవి. ఇంత పొగ మనమే వదలుతూ, గాలిలో చేరినది వేరెవరిదో అనడం లెక్కకు నిలవదు.

సూర్యుడే కారణమా?

భూమికి వేడినిచ్చేవాడు సూర్యుడే గనుక అతడినే ముందు అనుమానించడం సమంజసం. మన దేశంలోని కొడైకనాల్ వేధశాల నూరు సంవత్సరాలకు పైగా సూర్యుని ముఖాన్ని పరిశీలిస్తూ, చిత్రాలు తీస్తూ వచ్చినది. సూర్యునిపై మచ్చలు సుమారు 11 సంవత్సరాలకొకసారి పెరిగి తరుగుతుంటవి. 1978 నుండి ఉపగ్రహాలు సూర్యకాంతిని నేరుగా కొలుస్తున్నవి. ఈ ఆవృత్తిలో దాని హెచ్చుతగ్గులు నూటికి పదవ వంతు మాత్రమే. ఈ కాలంలో సూర్యుని వేడిమి పెరుగుతూ పోలేదు; భూమి ఉష్ణోగ్రత మాత్రం పెరుగుతూనే ఉన్నది.

ఇంతకంటె నిర్ణాయకమైన పరీక్ష ఒకటి ఉన్నది. సూర్యుడే కారణమైతే వాయుమండలపు క్రింది పొర, పై పొర రెండును వేడెక్కవలెను. దుప్పటి మందమగుటయే కారణమైతే, క్రింద వేడి నిలిచి, పైన ఉన్న స్ట్రాటో ఆవరణం చల్లబడవలెను. స్యుకురో మనాబే, రిచర్డ్ వెథరాల్డ్ అనువారు 1967లోనే లెక్కలు కట్టి ఈ సంగతి ముందుగా చెప్పారు. పిమ్మట బెలూన్లు, ఉపగ్రహాల ద్వారా కొలిచిన ఉష్ణోగ్రతలు దానినే ధ్రువపరచినవి. పై పొర చల్లబడుటకు ఓజోను తరుగుదల కొంత కారణమైనను, అదొక్కటే దానిని వివరింపజాలదు. మనాబే, మరియు ప్రకృతి కారణాలను మానవ కారణాలను వేరుచేసి గుర్తించే విధానాన్ని రూపొందించిన క్లాస్ హాసెల్మాన్, 2021లో భౌతిక శాస్త్రంలో నోబెల్ బహుమతిని పంచుకొన్నారు.

మరి ప్రాచీన హిమయుగాల మాటేమిటి? మనిషి ప్రమేయం లేకుండ శీతోష్ణస్థితి పూర్వం మారినమాట యథార్థమే. భూమి కక్ష్యలోను, అక్షపు వంపులోను కలిగే మార్పుల వలన ఆ యుగాలు వచ్చి పోయినవి. కాని వాటికి వేల సంవత్సరాలు పట్టినది. పూర్వం అడవులు పిడుగుపాటుకు తగులబడినవి గనుక నేడు ఎవరూ నిప్పు పెట్టలేరనడం తర్కం కాదు. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో 1988లో ఏర్పడిన శీతోష్ణస్థితి మార్పుల అంతర్ ప్రభుత్వ సంఘం మొదటి నివేదికలలో జాగ్రత్తగా మాట్లాడినది. సాక్ష్యాలు పోగైనకొద్దీ స్వరం దృఢపడి, 2021 నివేదికలో మానవ ప్రభావం నిస్సందేహమని ప్రకటించినది.

ఇంకా తేలవలసినవి

తేలనివి లేవని కాదు. బొగ్గుపులుసు వాయువు రెట్టింపైతే ఉష్ణోగ్రత ఒకటిన్నర నుండి నాలుగున్నర డిగ్రీల వరకు పెరుగవచ్చునని 1979లో ఛార్నీ సంఘం చెప్పినది. 2021 నాటికి ఆ అంచనా రెండున్నర నుండి నాలుగు డిగ్రీలకు కుదించబడినది. మేఘాల ప్రవర్తన, పొగ ధూళి కణాల ప్రభావం ఇంకను పరిశోధనలో ఉన్నవి. మన దేశం ప్రపంచ సగటు కంటె తక్కువగా వేడెక్కడానికి మన ఆకాశాన్ని కప్పిన పొగమంచు, ధూళి ఒక కారణం. అవి సూర్యకాంతిని కొంత అడ్డుతున్నవి. ఊపిరితిత్తులను పాడుచేసే ఆ మురికి తొలగినప్పుడు, మరుగునపడిన వేడి బయటపడుతుంది. అయితే జ్వరం ఎంతవరకు పోతుందో అని వైద్యులు భిన్నాభిప్రాయాలు చెప్పినంత మాత్రాన రోగికి జ్వరం లేదనరాదు గదా.

ఏ మనిషి?

"మనిషి చేసినది" అన్నాము. ఏ మనిషి అనే ప్రశ్న మిగిలియే ఉన్నది. ఇంతవరకు ఇంధనాల ద్వారా గాలిలోకి వదలిన బొగ్గుపులుసు వాయువు మొత్తంలో ఇంచుమించు నాలుగవ వంతు అమెరికాది. మానవజాతిలో ఆరవ వంతు జనాభాకు నిలయమైన భారతదేశపు వాటా నూటికి నాలుగు వంతులకు లోపే. ఫలితం మాత్రం వాటాలను బట్టి పంపకం కావడం లేదు. 2015 మే నెలలో వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో దాదాపు రెండు వేలమంది మరణించారు. వారిలో ఎక్కువమంది వృద్ధులు, ఎండలో పనిచేయక తప్పని కూలీలు. వడగాడ్పులు మనకు కొత్తవి కావు. వరద వలెనే ఒక్క వేసవియు రుజువు కాదు. కాని సగటు పెరిగినప్పుడు అటువంటి వేసవులు తరచుగా వచ్చే అవకాశం హెచ్చుతుంది. రాళ్ళు కొట్టేవాని ఇంట విద్యుత్తు దీపం ఒక్కటే ఉండవచ్చును. వేడి బాకీ మాత్రం మొదట అతడి నుండియే వసూలవుతున్నది.

నిరాశకు మాత్రం తావు లేదు. 1960 దశకంలో సికింద్రాబాదులోని ఒక రిఫ్రిజిరేటర్ల కర్మాగారంలో వీరభద్రన్ రామనాథన్ అనే యువ ఇంజనీరు, యంత్రాల నుండి శీతలవాయువు ఎందుకు కారిపోతున్నదో కనుగొనే పనిలో ఉండేవారు. తరువాత అమెరికా వెళ్ళి, ఆ జాతి క్లోరోఫ్లోరో కార్బన్ వాయువులు బొగ్గుపులుసు వాయువు కంటె వేల రెట్లు అధికంగా వేడిని పట్టి ఉంచునని 1975లో నిరూపించినది ఆయనయే. ఓజోను పొరను కూడ హరిస్తున్న ఆ వాయువులను 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం ద్వారా ప్రపంచ దేశాలు అదుపు చేసినవి. ఓజోను పొర మెల్లగా కోలుకొంటున్నది. మనిషి చేసిన హానిని మనిషియే గుర్తించి ఆపగలడనుటకు ఇంతకంటె నిదర్శనం వేరే వద్దు. అట్లే, వడగాడ్పుల వేళ ముందస్తు హెచ్చరికలు, నీరు, నీడ, వైద్యం సమకూర్చే ప్రణాళికను 2013లో అహమ్మదాబాదు నగరం అమలుచేసినది. తదుపరి అనేక నగరాలు దానిని అనుసరించినవి. బొగ్గుకు బదులు ఎండను, గాలిని శక్తిగా మార్చుకొనే విద్య కూడ నేడు మన చేతిలో ఉన్నది.

"అంతా దైవాధీనం, మన చేతిలో ఏమున్నది" అని కొందరు నిట్టూరుస్తారు. దైవంపై విశ్వాసం బాధ్యతను తప్పించుకొనే సాకు కారాదు. ఒకరు నమ్మి మనకప్పగించిన సొత్తును ఉర్దూలో అమానత్ అంటారు. తెలుగు పల్లెలలోను అమానతు అనే మాట వాడుకలో ఉన్నది. అమానత్‌ను అనుభవించవచ్చును గాని పాడుచేయరాదు. అడిగినవారికి లెక్క చెప్పవలెను.

రంజాన్ మళ్ళీ మే నెలకు 2050 ప్రాంతంలో వస్తుంది. నేడు ఈ కళాశాల తరగతులలో కూర్చున్నవారు అప్పటికి నడివయసువారై, దస్తర్‌ఖాన్ దగ్గర తమ పిల్లల నడుమ ఉంటారు. "మా రోజులలో మే ఇంతగా మండేది కాదు" అనే మాట ఆనాడు వారి నోట వచ్చినప్పుడు, "మరి మీరేమి చేశారు?" అని పిల్లలు అడుగుతారు. వయసు పైబడినందువల్ల అట్లు తోస్తున్నదని చెప్పి తప్పుకొనే వీలు మాత్రం ఆనాడు వారికి ఉండదు.